బస్సుల్లేని డిపో

భూకంపం తర్వాత మా ఆఫీసులో అందరికీ ఒకటే పని. తెర మీద గీతలు చూడటం, ఏది మళ్ళీ వచ్చిన ప్రకంపనో, ఏది రోడ్డు మీద లారీయో వేరుచేయటం. నాకసలే ముక్కు మీద కోపం. దానికితోడు అక్క ఫోను.

"ఇంకెన్నాళ్ళే ఈ మైదానంలో? మా అత్తయ్య నేల మీద పడుకోలేకపోతున్నారు. ఇంటికి వెళ్ళొచ్చా, లేదా? ఒక్క మాట చెప్పు."

ప్రకంపనలు తగ్గుతున్నాయి. వచ్చేవి కూడా అక్క ఇంటికి చాలా దూరంలోనే. ఇంజనీరు వచ్చి గోడలు చూసి, పగుళ్ళు పైపైనే అన్నాడట.

"వెళ్ళండి, ఏం కాదు" అన్నాను.

"బతికించావు తల్లీ! చుట్టాలింటికి పోదామన్నా డిపోలో ఒక్క బస్సు లేదు. దెబ్బలు తగిలినవాళ్ళని తీసుకెళ్ళడానికి అన్నీ పట్టుకుపోయారు."

"సరేలే, ఇక్కడ ఊపిరాడనంత పనుంది" అని పెట్టేశాను.

ఆ డిపో అక్క ఇంటి వెనకే. దాని పక్క లైబ్రరీ కింది గదిలో నేల కదలికలు పట్టే మా యంత్రం ఒకటి ఉంది. బస్సు కదిలితే చాలు, ఉలిక్కిపడుతుంది. దాని మీద మేం వేసుకునే జోకులకు లెక్కలేదు. ఇలాంటి యంత్రాలున్న మిగతా కేంద్రాల్లో ఏమీ లేకుండా అక్కడొక్కచోటే గీత వణికితే, కళ్ళు మూసుకుని "బస్సు" అని రాసి పక్కన పడేస్తాం. ఆ పూటా అదే చేస్తున్నాను. బస్సు. బస్సు. మళ్ళీ బస్సు.

నా చెయ్యి ఆగిపోయింది. డిపోలో బస్సుల్లేవు కదా!

పడేసినవన్నీ తెరిచి, పెద్దవి చేసి చూశాను. ప్రతిదాంట్లోనూ ముందొక చిన్న కుదుపు, ఆ వెంటనే పెద్దది. రెంటికీ మధ్య ఎడమే లేదు. ఆ ఎడం ఎంత తక్కువైతే ప్రకంపన అంత దగ్గర్లో పుట్టినట్టు. అంటే అక్క వీధి అడుగునే రాయి విరుగుతోంది. పొద్దుటి నుంచీ ఎక్కువవుతోంది కూడా. ఫోను అందుకున్నాను.

"అక్కా, బయటికి రండి! ఇప్పుడే!"

"పిచ్చా నీకు? మీ బావ ఇప్పుడే అత్తయ్యను వీపు మీద మోసుకుని రెండో అంతస్తు ఎక్కించారు."

వెనక నుంచి బావ విసుక్కున్నాడు. "నేనేమన్నా లిఫ్టునా, నీ చెల్లెలు బటన్ నొక్కినప్పుడల్లా ఎక్కి దిగడానికి?"

"నీ కాళ్ళు పట్టుకుంటానే. నేను తప్పు చెప్పాను. దిగండి!"

అక్క ఇంకేమీ అడగలేదు. "ఏమండీ, అత్తయ్యను లేపండి" అనడం వినిపించింది. ఫోను చేతిలోనే ఉన్నట్టుంది. చెప్పుల చప్పుడు, బావ ఆయాసం. అంతలో గాజు పగిలింది, ఎవరో కెవ్వుమన్నారు. నా ముందు డిపో గీత ఎగిసిపడింది. దాని వెనకే మిగతా కేంద్రాల గీతలు.

"తీవ్రత ఎంత?" మా పెద్దసారు అడుగుతున్నారు. నాకు అంకెలు కనిపించడం లేదు.

చాలాసేపటికి అక్క గొంతు వినిపించింది. "రోడ్డు మీదున్నాం. అత్తయ్య మెట్ల మీద పడిపోయారు. కాలు కదపలేకపోతున్నారే... మళ్ళీ వస్తుందా?"

"తెలీదే అక్కా."

"ఆ ముక్క ఇందాకే చెప్పుంటే సరిపోయేదిగా" అంది అక్క, ఏడుస్తూ.