ఎడమ అంచున ముడి

చెయ్యి వణకడం మొదలైన నెలలోనే అక్క సూదుల డబ్బా మూసేసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏళ్ల తరబడి కలిసి నడిపిన టైలరింగ్ షాపు అది. ఆ మూసిన డబ్బా కనబడినప్పుడల్లా చెల్లెలికి ప్రాణం ఉసూరుమనేది. పైగా చెల్లెలి కూతురు కడుపుతో ఉంది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా అక్క చేత్తో కుట్టిన బొంత మీదే పెరిగింది. ఈసారి ఎంత బతిమాలినా అక్క వినలేదు.

"కొనుక్కోండి. షాపుల్లో బోలెడు దొరుకుతాయి," అని తేల్చేసింది.

చెల్లెలు తక్కువ మొండిదా? ఓడలో వారం రోజుల ప్రయాణం, రోజూ పొద్దున్నే బొంతలు కుట్టే క్లాసు అని ఎక్కడో చూసి, గప్‌చుప్‌గా టికెట్లు తీసేసింది. పెట్టెలో అక్క బట్టల కింద పాత నూలుగుడ్డ ముక్కలూ సూదుల డబ్బా కుక్కింది. ఓడ ఎక్కాక గానీ సంగతి బయటపెట్టలేదు.

"నీళ్ల మీద కుట్టడమేంటే, మతి పోయిందా నీకు?"

"ఓడ ఊగుతుంది కదక్కా. అందరి కుట్లూ వంకరే పోతాయి. నీవి ఎవరు చూడొచ్చారు?"

ఆ మాట పనిచేసింది. మొదటిరోజే క్లాసులో ఒక పెద్దాయన బొంతతో పాటు తన ప్యాంటును కూడా కలిపి కుట్టేసుకుని, లేవలేక నానా తంటాలూ పడ్డాడు. అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! తన కుట్టు వంకర పోయినప్పుడల్లా "పాడు ఓడ!" అని తిట్టుకుంటూ హాయిగా కుట్టుకుపోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ చెల్లెలివి టైలరు కళ్లాయె. ఒకచోట కుట్టు జానెడు, ఇంకోచోట దారం వదులు. మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని, బాగా పాడైన రెండు వరసలు విప్పి చక్కగా కుట్టి పెట్టింది. మంచి పనే చేశాననుకుంది, పిచ్చిది.

మర్నాడు క్లాసులో అక్క బొంత పరిచి, వరస మీద వేలు పోనిచ్చి, ఆగిపోయింది. ముడి ఎడమ అంచున ఉంది. అక్క ఏ వరసైనా కుడి అంచునుంచే మొదలుపెడుతుంది. ఎడమచేతి వాటం చెల్లెలిది. దొంగతనంగా అంత ఒద్దికగా కుట్టిన మనిషికి ఆ ఒక్క సంగతీ తట్టలేదు.

అక్క డబ్బా మూసి గదికి వెళ్లిపోయింది. చెల్లెలు బొంత పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

"పుట్టబోయే బిడ్డకి బాగుండాలనే కదక్కా..."

"నువ్వు నేర్చుకునే రోజుల్లో అన్నీ తిరగేసి కుట్టేదానివి. విప్పెయ్యమని అమ్మ పోరు పెట్టేది. నీ కుట్టు ఒక్కటైనా విప్పానా నేను?"

విప్పలేదు. "దాని చెయ్యి అంతే, ఉండనీ," అని అమ్మతో పోట్లాడేది. అక్క అలా వెనకేసుకొచ్చింది కాబట్టే తనకి ఈ పని పట్టుబడింది. చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత నేల మీద కూర్చుని, అక్క కళ్లముందే తన రెండు వరసలూ విప్పేసింది. గుడ్డ మీద సూది బెజ్జాలు మిగిలాయి.

అక్క వాటిని వేలితో తడిమింది. "ఇలా తే," అంది చివరికి.

మర్నాడు సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. క్లాసు చెప్పే పంతులమ్మ అక్క పక్కన ఆగి, మెలికలు తిరిగిన వరస చూసి మొహమాటంగా నవ్వింది.

"ఇవాళ కూడా ఓడ బాగా ఊగుతున్నట్టుందండీ."

"ఓడేం చేసింది, పాపం! వణికేది నా చెయ్యమ్మా," అంది అక్క. కుడి అంచున ముడి బిగించి, రెండో సూదిని చెల్లెలి ముందుకు తోసింది. "ఏమే, చూస్తావేం? దారం ఎక్కించు. అదొక్కటే నా వల్ల కావట్లేదు."