కుర్చీ కింద గొంతు

రాకెట్ పొద్దున పదింటికి లేవాలి. మధ్యాహ్నం మూడైనా లేవలేదు. ఇంధనం లేక కాదు, వాతావరణం బాగోక కాదు. వ్యోమగామికి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం రాక.

ఆ వ్యోమగామి కుర్చీ కింద, ప్లైవుడ్ పలకల మధ్య, మడత మంచంలా ముడుచుకుని కూర్చున్నాడు ప్రాంప్టర్. యూనిట్లో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. ఆయనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన లైట్‌మ్యాన్ కూడా. ముప్పై ఏళ్లుగా బాబాయ్ పని ఒక్కటే. కెమెరాకి కనబడకుండా, మైకుకి వినబడకుండా, నటుల చెవిన మాట వెయ్యడం. ఆయన గొంతు ఎక్కడైనా వినబడిందంటే ఆ పూట ఆయనకి చివాట్లే.

మనిషి అంతరిక్షంలోకి వెళ్లిన చరిత్రంతా వంద భాగాల్లో చూపించే సీరియల్ అది. దర్శకుడు అంతకుముందు పదిహేనేళ్లు అత్తాకోడళ్ల సీరియళ్లు తీసినవాడు. చేతికొచ్చిన విద్య వదులుకోలేక, చందమామ కోసం పోటీపడ్డ రెండు దేశాలనీ ఇద్దరు తోడికోడళ్లలా నిలబెట్టి కథ నడిపిస్తున్నాడు. ఒకావిడ ఉపగ్రహం పంపిందని తెలియగానే రెండో ఆవిడ వైపు శాస్త్రవేత్తల మొహాలు ఒక్కొక్కటీ మూడేసి సార్లు దగ్గరగా చూపించి, వెనకాల ఉరుము వేయించాడు.

"అంతరిక్షంలో ఉరుములుండవు సార్" అంది సౌండ్ చూసే అమ్మాయి.

"చూసేవాళ్ల ఇళ్ల మీద ఉంటాయి కదమ్మా" అన్నాడు దర్శకుడు.

ఇక తొలి వ్యోమగామి వేషం వేసినవాడు కండలబాబు. మనిషి బంగారం, ఒళ్లు ఇనుము, బుర్రలో మాత్రం రెండు వాక్యాలు కలిసి కాపరం చెయ్యవు. అందుకని కెమెరా ముందు డైలాగుకి బదులు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటాడు. అసలు మాటలు తరవాత డబ్బింగులో ఇంకొకరు చెబుతారు. ఆ రంగంలో అదేం వింత కాదు. కానీ కండలబాబు దాన్నొక శాస్త్రంగా పెంచాడు. పదిలోపు ప్రేమ, ఇరవైలు దాటితే కోపం, డెబ్బైల్లో ఏడుపు. కిందటి సీరియల్లో ఎవరో పోయినప్పుడు అతను డెబ్బై ఆరు అన్న తీరుకి మేకప్ చేసే ఆవిడ కళ్లొత్తుకుంది. ఏ అంకె దగ్గర తలెత్తాలో, ఏ అంకె దగ్గర నిట్టూర్చాలో కింద నుంచి గుసగుసగా చెప్పేది బాబాయే.

ఇవాళ చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ఇవాళ్టి డైలాగే పది నుంచి సున్నా దాకా వెనక్కి లెక్క. పది అనగానే అతని నోరు అలవాటుకొద్దీ పదకొండు మీదికి దూకుతోంది. ఎలాగో వెనక్కి మళ్లిస్తే, పదిలోపు ప్రేమ కదా, ప్రాణాలకి తెగించి ఆకాశంలోకి పోయే మనిషి మూడు దగ్గర సిగ్గుపడుతున్నాడు.

"పెళ్లిచూపులకి వెళ్తున్నాడా వీడు?" అని అరిచాడు దర్శకుడు.

"లెక్క వేరేవాళ్ల చేత పెట్టించొచ్చుగా" అన్నాడు సెట్ కట్టిన వడ్రంగి.

"హీరో నోరు మూసుకుని కూర్చుంటే రాకెట్ ఎందుకు, రేకు డబ్బా చాలు!" అని, దర్శకుడు వంగి కుర్చీ కిందికి చూశాడు. "బాబాయ్, పొద్దుపోయేలోగా ఇది అవ్వాలి. అవ్వకపోతే రేపట్నుంచి అతని చెవిలో మిషన్ పెట్టేసి నేనే మాట్లాడుకుంటా. మీరు హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి."

ఇంట్లో హాయి ఎలా ఉంటుందో బాబాయ్‌కి తెలుసు. భార్య పోయి రెండేళ్లయింది. అక్కడ ఆయన నోరు తెరిస్తే ఫ్రిజ్ ఒక్కటే బదులు పలుకుతుంది. ఇక్కడ గుసగుసకైనా ఒక మనిషి తిరిగి నోరు కదుపుతాడు.

అందరూ టీకి వెళ్లారు. తొడిగిన సూట్ విప్పాలంటే ముప్పావుగంట, అందుకని కండలబాబు లోపలే ఉండిపోయాడు. కాలు తిమ్మిరెక్కి బాబాయ్ కూడా. వడ్రంగి తలుపు సందులోంచి రెండు గ్లాసులు అందించి, అడక్కుండానే ఒక దిండు కూడా లోపలికి తోసి పోయాడు.

"నా వల్ల నిన్ను పంపించేస్తారంటగా బాబాయ్" అన్నాడు కండలబాబు, స్ట్రాతో టీ పీలుస్తూ.

"ముందు రాకెట్ని పంపిద్దాం. నా సంగతి తరవాత."

"నావల్ల కాదు. నిద్దట్లో కూడా అంకెలే వస్తున్నాయి. మొన్న కొట్టువాడు డెబ్బై రూపాయలంటే ఏడుపొచ్చింది."

"మరి ఇంట్లో ఎలా మాట్లాడతావయ్యా?"

"ఇంట్లో గుర్తుపెట్టుకునేదేముంది? అమ్మ అడుగుతుంది, నేను చెప్తా."

"ఏమడుగుతుంది?"

"బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆపేస్తుంది. తాళాలు తీసుకున్నావా, ఫోను తీసుకున్నావా, గీజర్ కట్టేశావా... ముప్పై నాలుగేళ్లొచ్చాయి నాకు! అన్నిటికీ జవాబు చెప్తేగానీ వదలదు."

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఈసారి అంకెల జోలికి పోకు. నేనడుగుతా, నువ్వు చెప్పు."

"ఆయన చంపేస్తాడు బాబాయ్."

"నన్నెలాగూ పంపించేస్తున్నాడు కదా. నీకేం కాదు, నువ్వు హీరోవి."

పొగ మిషన్ బుసకొట్టింది. నలుగురు మనుషులు రాకెట్ని ఊపడానికి నాలుగు మూలలా నిలబడ్డారు. "యాక్షన్!"

"తాళాలు తీసుకున్నావా?" అంది కుర్చీ కింద గుసగుస.

"తీసుకున్నా."

"ఫోను?"

"జేబులో ఉంది."

"గీజర్ కట్టేశావా?"

కండలబాబు కళ్లు ఒక్కసారి నిలబడిపోయాయి. నిజంగానే గుర్తులేదు. నుదుటి మీద చెమట పుట్టింది. "కట్టేశాననే అనుకుంటా."

"అనుకోవడమేంట్రా?"

"కట్టేశానమ్మా!"

"వేళకి తిను."

"తింటా."

"చేరగానే ఒక్క మాట చెప్పు. నేను మేలుకునే ఉంటా."

"చెప్తా. నువ్వు పడుకో."

నలుగురూ ఊపారు. ప్లైవుడ్ కిర్రుమంది. రాకెట్ లేచింది.

"కట్!" అన్నాడు దర్శకుడు. తరవాత అనుమానంగా, "అంకెలేవి?"

"అంకెల్లేవు సార్" అంది సౌండ్ చూసే అమ్మాయి, చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీస్తూ. "బాబాయ్ గొంతుంది. ఒక గీజర్ ఉంది."

దర్శకుడి మొహం ఎర్రబడింది. ఏం తిట్టాలో వెతుక్కుంటూనే మానిటర్లో ఆ షాట్ వెనక్కి తిప్పించి చూశాడు. గీజర్ దగ్గర ఆపించాడు. మళ్లీ చూశాడు. ఉరుము వెయ్యమనలేదు.

"నిజం రాకెట్లకి కూడా ఇలాగే సార్" అందా అమ్మాయి మెల్లగా. "బయల్దేరే ముందు కింద నుంచి ఒక్కొక్కటీ అడుగుతారు, సిద్ధమా సిద్ధమా అని. ఇతని మాటలు ఇలాగే ఉంచుదాం. జేబన్న చోట ఒక్క ముక్క కత్తిరిస్తా. తాళాల బదులు ఆక్సిజన్ అడిగిద్దాం."

"అడిగేదెవరు?"

అందరూ కుర్చీ కిందికి చూశారు. అక్కడ బాబాయ్ తిమ్మిరెక్కిన కాలుని రెండు చేతులతో పట్టుకుని, అది తనదో కాదో తేల్చుకుంటున్నాడు.

"మైకు ముందు చెప్పగలిగితే చూద్దాం" అన్నాడు దర్శకుడు. "లేకపోతే నా మాట మాటే."

మర్నాడు పొద్దున బాబాయ్‌ని డబ్బింగు గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా మైకు, చేతిలో కాగితం, అద్దం అవతల దర్శకుడూ సౌండ్ చూసే అమ్మాయీ. ఎర్రదీపం వెలిగింది.

"ఆక్సిజన్ చూసుకున్నావా?" అన్నాడు బాబాయ్.

"ఏమన్నారు?" అన్నాడు దర్శకుడు.

మళ్లీ అన్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు గొంతుని పట్టుకుని కిందికి లాగుతోంది. దర్శకుడు వాచీ చూసుకున్నాడు. "అతను ఆకాశంలో ఉన్నాడు బాబాయ్, పక్క గదిలో కాదు." మూడోసారి కూడా గుసగుసే. "సరే, ఇంకో గొంతు చూడమ్మా."

"ఒక్కసారి సార్" అందా అమ్మాయి, దీపం ఆర్పకుండా.

అప్పుడు అద్దం అవతలికి కండలబాబు వచ్చి నిలబడ్డాడు. ఆవేళ అతనికి షూటింగే లేదు. చేత్తో 'అడుగు' అని సైగ చేశాడు.

"ఆక్సిజన్ చూసుకున్నావా?"

కండలబాబు చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబళ్లేదన్నట్టు తలూపాడు. స్పీకరు అతని నెత్తిమీదే ఉంది.

"ఆక్సిజన్ చూసుకున్నావా?"

మళ్లీ తలూపాడు. పైగా పళ్లు బయటపెట్టి నవ్వాడు. ఆకాశంలోకి పోయేముందు నవ్వులాట! బాబాయ్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"నిన్నేరా! ఆక్సిజన్ చూసుకున్నావా లేదా?"

స్పీకరు అదిరింది. అమ్మాయి ముందున్న మీటరు ముల్లు ఆ చివరికి కొట్టుకుంది. తన గొంతు అంత ఉంటుందని బాబాయ్‌కే తెలియదు. భయంతో కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

అద్దం అవతల కండలబాబు నవ్వడం మానేసి, బుద్ధిగా పెదాలు కదిపాడు. "చూసుకున్నా."

"ఆ 'నిన్నేరా' ఉంచెయ్యమ్మా" అన్నాడు దర్శకుడు, ఎటో చూస్తూ. "తరవాతది అడగండి బాబాయ్. ఇంకా తొంభై భాగాలున్నాయి."

బాబాయ్ కాగితం దించి, కళ్లద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లు?"