పంపే బటన్

ఇషాక్ డిజైన్ ప్రోగ్రాం మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగాడు. అది పూర్తిగా ఆగేదాకా రెండోది తెరవకూడదు. సంతోష్‌నగర్‌లోని ఆ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో ఏళ్లుగా ఇదే పద్ధతి. పువ్వులు గీసే ప్రోగ్రాం, వాటిని కుట్టుమిషన్‌కు పంపే ప్రోగ్రాం రెండూ విండోస్ కోసం చేసినవి. షాపు కంప్యూటర్‌లో ఉన్నదేమో లైనక్స్. నడుమ వాటిని నడిపించే పొర ఒకటి ఉంది. గీసేది ఆ పొర పాత వెర్షన్‌లోనే నడుస్తుంది, పంపేది కొత్తదాంట్లోనే. గీసేదాంట్లో ‘పంపు’ బటన్ నొక్కితే రెండోది పాత పొరనే పట్టుకుని లేవబోయేది. వెర్షన్ కుదరక రెండూ బిగుసుకుపోయేవి.

ఆ ఆగడం అతనికి ఇష్టమే. పలచటి మనిషి. వంగిన మెడ, సూది పొడిచి పొడిచి గట్టిపడిన చూపుడువేలు. నలభై ఏళ్లొచ్చేదాకా తండ్రి పక్కన కూర్చుని, చట్రానికి బిగించిన బట్ట మీద జరీ కుట్టాడు. చట్రాలు పోయాక మౌస్ పట్టాడు. తెర ఖాళీగా ఉన్న ఆ కాసేపూ అతన్నెవరూ తొందరపెట్టరు.

"రేపు ఆస్పత్రిల చేరుతున్న గద," అన్నాడు మనస్వినితో. ఆమె మిషన్‌కు దారాలు మార్చే మనిషి. రేపటి నుంచి ఈ కుర్చీ ఆమెదే. "నువ్వు మర్చిపోయి బటన్ నొక్కుతవు. పెండ్లి దుపట్టా ఆగమైతది."

"మూసే తెరుస్త చాచా. ఫికర్ చేయకు."

"పని మీదుంటే యాదికుండది బేటీ."

మధ్యాహ్నమంతా దానిమీదే కూర్చున్నాడు. కొత్త పొరకు వేరే ఫోల్డర్ ఇచ్చాడు. బటన్ నొక్కగానే పాతదాని ఆనవాళ్లు తుడిచేసి, పంపేదాన్ని దాని సొంత పొరలో లేపేలా నాలుగు ముక్కలు రాసి తగిలించాడు. మొదటిసారి రెండూ బిగుసుకున్నాయి. పాత పొర పేరు ఒకచోట మిగిలిపోయింది. దాన్నీ తుడిచాడు.

"ఇగ నొక్కు."

మనస్విని నొక్కింది. గీసేది తెరిచే ఉంది, పక్కన రెండోది లేచింది. మిషన్ సూదులు కదిలాయి.

"గింత అల్కగ అయ్యేదుంటే ఇన్నేండ్లు ఎందుకు చేయలే చాచా?"

ఇషాక్ నవ్వాడు. "నేనుంటి గద, ఆగెటోన్ని."

సాయంత్రం ముఖం కడుక్కుని గళ్ల రుమాలుతో తుడుచుకున్నాడు. నమాజు చేసుకుని అటే ఉప్పుగూడ ఇంటికి పోతానని చెప్పి వెళ్లాడు.

తెల్లారి అతని కూతురు అలీనా మనస్వినికి ఫోన్ చేసింది. ఆస్పత్రికి బయల్దేరబోతూ, చెప్పులు వేసుకుందామని కూర్చున్నచోటే పోయాడట. జనాజా మధ్యాహ్నమన్నారు. దుపట్టా పెళ్లివాళ్లకు ఆలోపే అందాలి. మనస్విని షాపుకెళ్లి అతని కుర్చీలో కూర్చుని బటన్ నొక్కింది. వీపుకు ఏదో మెత్తగా తగిలితే వెనక్కి తిరిగి చూసింది. ముడతలు విప్పి, అంచుకు అంచు కలిపి, కుర్చీ వెనక ఆరేసిన అతని గళ్ల రుమాలు.