వెర్నా వదిన సైకిలెక్కిన రోజు

మా అన్న అట్లీని కందిరీగలు కుట్టినప్పుడు నేను వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. గడ్డి కోస్తూ కోస్తూ అన్న నేలలోని తుట్టెను చెదరగొట్టాడు. గుర్రాలు బెదిరి కోతబండిని ఈడ్చుకుంటూ అడవంచుకు పారిపోయాయి. అన్న మెడ పట్టుకుని తూలుతూ వచ్చి మెట్ల దగ్గర కూలబడ్డాడు. పెదవులు ఉబ్బిపోయాయి. గొంతులోంచి సన్నగా ఈలలాంటి చప్పుడు వస్తోంది.

"సలోమా, ఏం చెయ్యాలే ఇప్పుడు?" అన్న భార్య వెర్నా వదిన ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఫోను దగ్గరికెళ్ళు. అంబులెన్సుని పిలు."

మా చర్చి సంఘం కట్టుబాటు ప్రకారం మేం కార్లు వాడం, ఫోను మా ఇళ్ళలో ఉండదు. నాలుగిళ్ళకూ కలిపి రోడ్డు మలుపులో ఒక చెక్కగది కట్టి అందులో పెట్టారు. మైలుకు పైనే దూరం. బగ్గీ గుర్రం లాడాలు కొట్టించుకోడానికి వెళ్ళింది. నా కాలివేళ్ళను ఆవు తొక్కి చితగ్గొట్టడంతో నేను అడుగు వేయలేను. ఇక మిగిలింది గోడకు ఆనించిన నా బ్యాటరీ సైకిలే.

పోయినేడు సంఘం ఆ సైకిళ్ళకు ఒప్పుకున్న రోజు అందరిముందూ లేచి వద్దన్నది వదినే. "ఇవాళ సైకిలు, రేపు కారు" అంది. ఆ తర్వాత నేను కనిపిస్తే చాలు, "ఏమ్మా, నీ గుర్రానికి మేతేశావా?" అని దెప్పేది.

"నేను దాన్నెక్కలేను. భయం నాకు," అంది వదిన ఇప్పుడు ఆ సైకిలు వంక చూసి.

"ఆయన ఊపిరి చూడు వదినా! చిన్నప్పుడు సైకిలు తొక్కావుగా? అలాగే తొక్కు. కుడిచేతి పిడి తిప్పితే అదే లాక్కుపోతుంది. పో!"

సైకిలు ఒక్కసారి ముందుకు దూకింది. వదిన కెవ్వుమంది. ఆమె నల్ల గౌను మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

అన్న తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈల సన్నబడుతోంది. అది ఆగిపోతుందేమోనని నా ఊపిరి నేనే బిగపట్టాను. ఒకసారి నిజంగానే ఆగింది. "అట్లీ! అన్నా!" అని చెంపల మీద కొట్టాను. మళ్ళీ సన్నగా మొదలైంది.

సైరను వినపడేసరికి నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు తొడలో సూది పొడిచి, ముక్కుకు గొట్టం తగిలించి తీసుకెళ్ళిపోయారు.

వదిన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. మోకాలు చీరుకుపోయింది, తలగుడ్డ లేదు. "వెనకాల లారీ హారను కొట్టింది, కళ్ళు మూసేసుకున్నాను" అంది. "ఫోనులో ఏ రోడ్డని అడిగితే మన రోడ్డు పేరే నోటికి రాలేదే."

అన్న బతికాడు. ఇంటికొచ్చిన రోజునే, "నా పెళ్ళాం మోటారెక్కిందట! ఊళ్ళో అందరూ నాకంటే వెర్నా ఆరోగ్యమే అడుగుతున్నారు" అని నవ్వాడు. వదిన నవ్వలేదు.

తర్వాతి వారం మా సంఘపెద్ద బిషప్ యోస్ట్ వచ్చాడు.

"మీకు దగ్గరలో ఇంకో ఫోను పెట్టుకుందామమ్మా. ఇంట్లోకే కావాలంటే, సంఘాన్ని నేనడుగుతాను."

వదిన నేల చూస్తూ చెప్పింది.

"దారంతా నేను దేవుణ్ణి తలుచుకోలేదు, బిషప్ గారూ. ఆ ఫోను నా జేబులో ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను. అట్లీ పోతాడేమోనని ఎంత భయపడ్డానో, ఆ కోరిక చూసుకునీ అంతే భయపడ్డాను."

"మరి ఏం చేద్దాం?"

"పశువులకొట్టం వెనక పెట్టించండి. మోగితే వంటింట్లోకి వినపడకూడదు."

అలాగే పెట్టారు. అన్న జేబులో ఇప్పుడు మందు సూది ఉంటుంది. వదిన సాయంత్రాలు నా సైకిలు తీసుకుని, పాలిపోయిన ముఖంతో, పెరడు చుట్టూ తిరుగుతుంది. అన్న గడ్డిలోకి దిగిన రోజు మాత్రం ఏ పనీ చెయ్యదు. కోతబండి చప్పుడు ఆగేదాకా కిటికీ దగ్గరే నిలబడుతుంది.