పార్వతి గడప దాటేదాకా

పిల్లల్లేని ఖగేశ్వర్ మెహెర్ ఇంట్లోకి ఆ ఏడు కూతురి పెళ్లి వచ్చింది. అల్లుడు సాక్షాత్తూ శివుడు. శీతల షష్ఠికి, అంటే శివపార్వతుల పెళ్లి పండగకి, ఏటా మా వాడలో ఒక జంట పార్వతిని కూతురిగా ఇంటికి తెచ్చుకుని కన్యాదానం చెయ్యాలి. శివుడు తనంతట తాను పుట్టినవాడు, ఆయనకి తల్లీతండ్రీ అక్కర్లేదు. ఆడపిల్లకే కదా పుట్టిల్లు కావలసింది. ఆ వంతు కోసం ఎదురుచూసి చూసి ఖగేశ్వర్‌కి తల నెరిసింది, పెళ్లాం హరప్రియకి కళ్లజోడు వచ్చింది.

నేను వాళ్ల పక్కింటిదాన్ని, వరసకి ఖగేశ్వర్‌కి వదినని. నా నోరు మంచిది కాదని వాడంతా అంటుంది. ఆ నోటితోనే అతనికి చెప్పాను, వినలేదు.

అమ్మవారి విగ్రహం ఇంటికొచ్చిన రోజు నుంచీ హరప్రియ కాలు నేల మీద నిలవలేదు. పిల్లకి ఉక్కపోస్తుందేమోనని విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చునేది. ఖగేశ్వర్ మగ్గం మీద కూతురికి జానెడు ఎర్రచీర నేసి, ఆ తరవాత ఇంటికి సున్నం వేశాడు. అంతా అయ్యాక గుమ్మం పక్కనున్న కరెంటు మీటరు అతని కంట్లో పడింది. తుప్పు పట్టిన డబ్బా, దానికి వేలాడే తీగలు. సరిగ్గా అరటిబోదె కట్టాల్సిన చోట ఉంది.

"నా కూతురు ఈ దరిద్రాన్ని రాసుకుంటూ పల్లకీ ఎక్కాలా వదినా? పక్కగోడకి మార్చేస్తా" అన్నాడు.

"అల్లుడు ఒళ్లంతా బూడిద పూసుకుని, మెడలో పామేసుకుని వస్తాడు. ఆయనకి నీ డబ్బా తుప్పు కనబడుతుందా?"

"ఆయనకి కనబడదు. వెనకాల వచ్చే ఊరికి కనబడుతుంది."

కరెంటాఫీసులో అర్జీ పెట్టాడు, ఆ మాట నిజం. లైన్‌మన్ నిరాకార్ వచ్చి చూశాడు. మా కళ్లముందు పెరిగినవాడే.

"బాబాయ్, మావాళ్లంతా ఊరేగింపు దారిలో తీగలు బిగిస్తున్నారు. పండగయ్యాక వచ్చి మారుస్తాం. ఈలోగా నువ్వు చెయ్యి పెట్టకు. మీటరు నీది కాదు, ఆఫీసుది. సీలు తెగితే దొంగతనం కింద రాస్తారు."

"మెయిన్ ఆపేసి చేసుకుంటే?"

"మెయిన్ ఆపితే ఇంట్లోకి ఆగుతుంది. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగకి నీ మెయినుతో పనేముంది? అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. అక్కడ ఆపాల్సింది మేమే."

ఖగేశ్వర్ ఆ మాట బాగానే విన్నాడు. విన్నాడు కాబట్టే అలా చేశాడు. పెళ్లి ముందురోజు దేవుడి మండపాన్ని బండి మీద గుడికి తీసుకెళతారు. రెండు నిలువుల ఎత్తుంటుంది, తీగలకి తగులుతుందని అది గుడి చేరేదాకా దారి పొడుగునా కరెంటు తీసేస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మేం చూస్తున్నదే. ఆఫీసువాళ్లే ఆపుతుంటే ఇంకా భయమేమిటని అతని ధైర్యం.

ఆ మధ్యాహ్నం దూరంగా బాజాలు మొదలయ్యాయి, ఫ్యాన్లు ఆగాయి. జనం మండపం చూడ్డానికి సందు మొగకి పరిగెత్తారు. నేను వరండాలో బియ్యంలో రాళ్లేరుతున్నాను. ఖగేశ్వర్ గోడ పక్కన స్టూలు వేసుకున్నాడు.

"పండగపూట ఆ డబ్బాతో నీకేం పనయ్యా? సీలు తెంపావంటే రేపు కన్యాదానం పోలీసు స్టేషన్లో చేస్తావు."

"ఎక్కడికీ ఎత్తుకుపోవడం లేదు వదినా, రెండు మూరలు జరుపుతున్నా. బాజాలు గుడి దగ్గర ఆగేలోపు అయిపోతుంది."

సీలు తెంపాడు. బాజాలు మోగుతూనే ఉన్నాయి. మండపం ఇంకా గుడి చేరలేదు, మా సందు మొగ దాటిందంతే. ఆ వేసవిలోనే బడి దగ్గర కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మా సందు తీగల్ని దానికి కలిపారు. దాంతో బండి మా సందు దాటగానే మాకు కరెంటు ఇచ్చేయొచ్చు. ముసలీముతకా ఉక్కపోతకి అల్లాడకూడదని చేసిన మేలే అది. నా నెత్తిమీద ఫ్యాను తిరిగింది. తలెత్తి చూసేసరికి ఖగేశ్వర్ స్టూలు మీద లేడు.

నిరాకార్ పరిగెత్తుకొచ్చి వెదురుకర్రతో తీగ తప్పించాడు. హరప్రియ ఆటో ఎక్కబోతే, పిల్లని ఒంటరిగా వదలొద్దని ఎవరో ఆపారు. నేను వెళ్లాను. ఆసుపత్రిలో డాక్టరు ఎంతోసేపు చూడలేదు. దుప్పటి ముఖం మీదికి లాగాడు.

"చెయ్యి పెట్టొద్దని చెప్పాను పెద్దమ్మా" అని నిరాకార్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. రెండు మూరల గోడ కోసం ప్రాణం పెట్టిన ఆ మూర్ఖుణ్ణి లేపి రెండు చెంపలూ వాయించాలనిపించింది.

వాడ పెద్ద త్రిలోచన్ బాబు నన్ను పక్కకి పిలిచాడు. "హరప్రియ చెవిన పడ్డ క్షణం నుంచీ ఆమెకి మైల. ఆ తరవాత అమ్మవారిని ముట్టుకోకూడదు, ఆ ఇంట్లో అమ్మవారు ఉండకూడదు. చెప్పేలోపే పిల్లని ఇంకో ఇంటికి మార్చాలి. నువ్వు ముందు వెళ్లు, పల్లకీ పంపిస్తాను."

మనిషి పోయాడు, మీకు మైల గోలా అని నోటిదాకా వచ్చింది. కానీ పెళ్లి ఊరందరిదీ. వెళ్లాను.

హరప్రియ గుమ్మంలోనే ఉంది. నా ముఖం చూసింది, నా వెనకే వస్తున్న పల్లకీని చూసింది. నేను నోరు తెరవబోయాను.

"ఇంకా చెప్పొద్దక్కా" అంది. "చెబితే నేను దాన్ని ముట్టుకోకూడదు. దానికింకా కాటుక పెట్టలేదు."

నోరు మూసుకోవడం చేతగాని మనిషిని నేను. ఆ సాయంత్రం మూసుకున్నాను.

ఇంట్లో కరెంటు లేదు. దీపం దగ్గర కూర్చోబెట్టి పిల్లకి పసుపు రాసింది, ఎర్రచీర కట్టింది, కాటుక పెట్టింది. కాటుక చెదిరితే తుడిచి, మళ్లీ దిద్దింది. పరమాన్నం పెదాలకి తాకించి నెమ్మదిగా మాట్లాడింది.

"అత్త పోరు లేని ఇల్లమ్మా, అదృష్టవంతురాలివి. అక్కడ మంచు పడుతుందట, దుప్పటి మరిచిపోకు. నాన్న సాగనంపడానికి రాలేదని అలగకు. ఆయనకి నీకంటే ఎవరూ ఎక్కువ కాదు."

వాకిట్లో ఆడవాళ్లు అప్పగింతల పాట ఎత్తుకోవాలో వద్దో తెలియక నిలబడ్డారు. హరప్రియే ఎత్తుకుంది. మా వైపు తల్లి ఆ పాట ఏడుస్తూనే పాడాలి. పాడుతూ గడప దాటించి, పిల్లని పల్లకీలో కూర్చోబెట్టి చీర కుచ్చిళ్లు సర్దింది.

బోయీలు భుజానికెత్తుకున్నారు. పల్లకీ సందు మలుపు తిరిగేదాకా ఆమె పాట ఆపలేదు. ఆ తరవాత కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పక్కా" అంది.