డాక్టరు పిలుస్తున్నాడు

మెకానిక్‌ను నేనే పిలిచాను.

మధ్యాహ్నం భోజనం వేళ. హాల్లో అరవై రెండు మంది బల్లల ముందు కూర్చుని తింటున్నారు. ఊచల తలుపు దగ్గర నిలబడి, "డాక్టరు పిలుస్తున్నాడు, పన్ను చూపించుకుందువు గాని రా" అన్నాను. అతనికి వారం నుంచి దవడ వాచి ఉంది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ లేచాడు.

"పీకితే పీకాడు గాని మాస్టారూ, మీ డాక్టరుకి పానా పట్టుకోవడం వచ్చో రాదో ముందు కనుక్కోండి."

బల్ల చుట్టూ నవ్వులు. పళ్ళెం అలాగే వదిలి నా వెనక వచ్చాడు.

వరండా మలుపు తిరగ్గానే అయిదుగురు గార్డులు మీద పడ్డారు. ఒకడు మోకాలి మడతలో తన్నాడు. ఇంకొకడు వాచిన దవడ మీదే గుద్దాడు. బోర్లా పడేసి, మెడ మీద మోకాలు పెట్టి, చేతులు వెనక్కి విరిచి తోలు పట్టీ బిగించారు. భుజం దగ్గర ఏదో పటుక్కుమంది. చెంప నేలకు ఆని, నోట్లోంచి నెత్తురు కారుతుంటే అతను నా వైపు చూసి అడిగాడు.

"మాస్టారూ, ఏమంటున్నారు వీళ్ళు?"

నేను చెప్పాను. "ఎదురు తిరగొద్దంటున్నారు. విమానం సిద్ధంగా ఉందంటున్నారు."

అదీ నా పని. వాళ్ళ మాట మావాళ్ళకి, మావాళ్ళ మాట వాళ్ళకి. నేనూ అక్కడ బందీనే. మా దేశంలో మా ఇళ్ళు తగలబెట్టినవాళ్ళే ప్రభుత్వమయ్యాక, మేమంతా సరిహద్దు దాటి వచ్చి, బతకనివ్వండని అర్జీ పెట్టుకున్నాం. అలా అర్జీ పెట్టుకున్నవాళ్ళని ఉంచే చోటే ఈ సెంటర్. చుట్టూ రెండు వరసల కంచె. ఆడవాళ్ళ హాలు అవతల, మగవాళ్ళ హాలు ఇవతల. నేను బడిపంతుల్ని, వాళ్ళ భాష వచ్చు. అందుకని నాకు ఆఫీసు పక్కన కిటికీ ఉన్న గది, రెండో దుప్పటి, "నీ ఫైలు నా బల్ల మీదే ఉంది" అని సూపరింటెండెంటు వారానికోసారి అనే మాట. ఆ ఫైల్లో ఉన్న నా అర్జీ కొట్టేస్తే మా అన్నయ్యను చంపినవాళ్ళకే నన్ను అప్పగిస్తారు.

మొదటి మనిషిని పిలిచినప్పుడు, అది విమానమెక్కించి వెనక్కి పంపడానికని నాకు తెలియదు. రెండో మనిషిని పిలిచినప్పుడు తెలియనట్టు నన్ను నేను నమ్మించుకున్నాను. అదెలా చేస్తారో చెబుతాను. డాక్టరు నిజంగా ఉన్నాడా అని ఎవరినీ అడగకుండా ఉంటే చాలు. నాలుక నాది, మాట వాళ్ళది. ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నటి సందులో మనిషి చాలాకాలం కాపురం చెయ్యగలడు. మెకానిక్ మూడోవాడు. అప్పటికి నాకు పూర్తిగా తెలుసు.

మర్నాడు పొద్దున హాల్లో మావాళ్ళు మీటింగు పెట్టారు. పోస్ట్‌మాన్ తాత బల్లెక్కాడు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"ముగ్గురు డాక్టరు దగ్గరికెళ్ళారు. ముగ్గురూ తిరిగి రాలేదు. పంటి నొప్పి అంత పెద్ద రోగమా? ఇకమీదట డాక్టరన్నా, లాయరన్నా ఎవడూ కదలొద్దు. ఒకణ్ణి లాక్కెళ్తే అందరం మీద పడాలి."

"పిలిచేది ఈయనేగా. ముందు ఈయన్ని అడగండి" అన్నాడు లారీ డ్రైవరు, నా వైపు చెయ్యి చూపించి.

"నాకేం తెలుసు? వాళ్ళు చెప్పిందే చెప్పాను."

"పోనీలేరా" అన్నాడు తాత. "కవర్లో ఏముందో పోస్ట్‌మాన్‌కి తెలుస్తుందా?"

మీటింగు అయ్యేదాకా ఉండకుండా నేను నా గదికి వచ్చేశాను.

తర్వాత రెండు వారాలు ఎవరూ బయటికి రాలేదు. గార్డులు రెండుసార్లు లోపలికి దూకారు. రెండుసార్లూ అరవై మంది కలియబడ్డారు. తలలు పగిలాయి, ఒకడి వేళ్ళు తలుపు సందులో నలిగిపోయాయి, కానీ గార్డులు వట్టి చేతులతో వెనక్కి వెళ్ళారు. మేం గెలిచామనుకున్నాం. తలుపు మూసి పట్టుకోవడమైతే నేర్చుకున్నాం. మాకు కావలసినప్పుడు దాన్ని తెరిపించడం నేర్చుకోలేదు. ఆ తప్పు వడ్రంగి ప్రాణం తీసింది.

అతనికి ముందు కడుపు కుడివైపు నొప్పి. రెండో రోజుకి జ్వరం, వాంతులు. భార్య అవతలి హాల్లో ఉంది, ఆమెకు కబురు కూడా లేదు. మూడో రోజు పొద్దున నేను ఆఫీసుకు పరిగెత్తాను. ఆ రోజు డాక్టరు నిజంగానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని ఉండగా చూశాను, సంచీ చూశాను. మళ్ళీ ఊచల దగ్గరికి వచ్చి చెప్పాను.

"డాక్టరు పిలుస్తున్నాడు. ఈసారి నిజం. నా కళ్ళతో చూశాను."

వడ్రంగి మోకాళ్ళు కడుపుకి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. అయినా నవ్వబోయాడు.

"మీరు మంచోరే మాస్టారూ. మీ నోరే మంచిది కాదు. నా వల్ల కాదు, నేను రాను."

"ఒట్టు. నా మాట నమ్ము. కడుపులో పగిలితే బతకవు."

"అక్కడికి పంపిస్తే బతుకుతానా?"

లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపబోయాను. డ్రైవరు నా ఛాతీ మీద గుద్ది గోడకేసి కొట్టాడు. "మనిషి నొప్పితో చస్తుంటే కూడా అమ్ముకుంటావా?" అన్నాడు. అక్కడ చెప్పవలసింది ఒకటే మాట: అవును, ఇంతకుముందు అమ్ముకున్నాను, ఇప్పుడు కాదు. మొదటి సగం ఒప్పుకుంటేనే రెండో సగం నమ్ముతారు. నేను ఒప్పుకోలేదు.

ఆఫీసుకు వెళ్ళి సూపరింటెండెంటును బతిమాలాను. "డాక్టరును హాల్లోకి పంపండి. పది అడుగులు."

"డాక్టరు లోపలికి వెళ్ళడు, రూలు లేదు. రోగే రావాలి" అన్నాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. కాసేపటికి కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదిగంటలకు వడ్రంగి చనిపోయాడు. చివరి గంట పళ్ళు బిగబట్టి బల్ల కాలు పట్టుకున్నాడు. ప్రాణం పోయాక ఆ వేళ్ళు విడదియ్యడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

శవాన్ని ఇవ్వబోమన్నారు లోపల. సూపరింటెండెంటు నన్ను పిలిచి ఒక కాయితం ముందుకు తోశాడు. 'రోగికి అతని భాషలో చెప్పాను. చికిత్సకు అతనే నిరాకరించాడు.' కింద దుబాసీ సంతకానికి చోటు.

"ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉందా?" అన్నాడు.

లేదు. అదే భయంకరంగా ఉంది. జరిగినదంతా ఉంది, చంపినవాళ్ళు మాత్రం లేరు.

"సంతకం పెట్టు. అతని భార్యను తీసుకెళ్ళు, శవం ఇమ్మని ఆమే అడుగుతుంది. సాయంత్రానికి నీ ఫైలు మీద నేనూ సంతకం పెడతాను."

కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమెను వెంటబెట్టుకుని మైదానం దాటుతుంటే, "ఎలా ఉన్నాడన్నయ్యా?" అని అడిగింది. అతను పోయాడని ఆమెకు ఇంకా చెప్పలేదు. నా మొహం చూసి ఆమె నడక ఆపింది. మళ్ళీ నడిచింది. అంతే.

హాల్లో ఆమె శవం పక్కన కూర్చుని మొహం మీది గుడ్డ తీసింది. అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు నేను బల్లెక్కి కాయితం చదివాను. దానికి నాకేం ఇస్తామన్నారో చెప్పాను. తర్వాత మిగతాది చెప్పాను.

"మెకానిక్‌ను పిలిచినప్పుడు నాకు తెలుసు. గదిలో డాక్టరు లేడని తెలుసు. తెలిసే పిలిచాను."

డ్రైవరు నా కాలు పట్టి లాగాడు. దవడ బల్లంచుకి తగిలింది. ఎవరు తన్నారో, ఎవరు గుద్దారో తెలియదు. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి. ఎవరో నా తల జుట్టు పట్టి నేలకేసి కొడుతున్నారు. విచిత్రం, లోపల ఎక్కడో హాయిగా ఉంది. దెబ్బలు తింటే బాకీ తీరిపోతుందని మనసు లోపల్లోపల బేరం పెడుతోంది. ఆమె గొంతు ఆ బేరాన్ని తెంపేసింది.

"చాలు. కొట్టింది చాలు. చంపితే ఈయనకి సుఖం. ఈయన నోరు మనకి కావాలి."

చేతులు ఆగాయి.

"లే అన్నయ్యా" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. "ఆ కాయితం తిరగేసి రాయి. డాక్టరు హాల్లోకే రావాలి. అబద్ధం చెప్పి ఎవరినీ పిలవకూడదు. నా మొగుడు ఎందుకు చచ్చాడో ఉన్నది ఉన్నట్టు రాసియ్యాలి. అప్పటిదాకా శవాన్ని ఇవ్వం."

"అంతేనా?" అన్నాడు తాత. "పిలిచినవాణ్ణి తీసుకెళ్ళే ముందు ఎక్కడికి, ఎందుకు తీసుకెళ్తున్నారో లాయరు ఇక్కడికొచ్చి మనందరి ముందు చెప్పాలి. అదీ రాయి."

"వాళ్ళు ఒప్పుకుంటారా?" ఎవరో అడిగారు.

"ఒప్పుకోరు. రాయి" అన్నాడు డ్రైవరు.

ఊచల దగ్గర నిలబడి రెండు భాషల్లోనూ చదివాను. నోటి నెత్తురు కాయితం మీద పడుతోంది. సూపరింటెండెంటు మొహం ఎర్రబడింది.

"నీ పని అనువాదం. నీ అభిప్రాయం నేనడగలేదు."

"ఇది అనువాదమే" అన్నాను.

నలభై మంది గార్డులు వచ్చారు. ముందు నీళ్ళ పైపు. ఆ ధాటికి ముందు వరస మొత్తం కాళ్ళు తేలిపోయి వెనక గోడకి కొట్టుకుంది. బల్లలు తలుపుకి అడ్డం నెట్టాం. గొళ్ళెం ఊడింది. కర్రలు తలల మీద, మోచేతుల మీద, పడిపోయినవాళ్ళ వెన్నుల మీద పడ్డాయి. డ్రైవరు పళ్ళెంతో ఒకడి హెల్మెట్ అద్దం పగలగొట్టాడు. నలుగురు అతన్ని కింద పడేసి అరచేతిని బూటుతో తొక్కి నలిపారు. తాత మణికట్టు విరిగి చెయ్యి వేలాడింది. నీటి వేగానికి శవం నేల మీద జారుతుంటే పదిమంది దాని మీద పడుకున్నారు. వాళ్ళ వీపులు చిట్లాయి. ఒక్కడూ లేవలేదు. ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకెళ్తుంటే అవతల ఆడవాళ్ళ హాలు తలుపు విరిగిన చప్పుడు వినిపించింది. వంటింటి గరిటెలతో, చీపురు కర్రలతో మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు వాళ్ళు. మమ్మల్ని వాళ్ళ దాకా చేరనివ్వలేదు. శవాన్ని గంటన్నర తర్వాత గాని లాక్కోలేకపోయారు.

ముప్పై ఒక్కమందిమి జైలుకి. కేసు: అల్లర్లు, విధుల్లో ఉన్నవారిపై దాడి. ఆమెను ఆడవాళ్ళ జైలుకి పంపారు.

మర్నాడు మధ్యాహ్నం జైలు ముంగిట్లో నిలబెట్టారు. ఎండ. లోపలికి తీసుకునే ముందు డాక్టరు చూడాలట. మూల గది ముందు పాత ఖైదీల వరస ఉంది, యాభై అరవై మంది. వార్డరు తాతను వేలితో పిలిచాడు.

"ముసలోడా, చెయ్యి చూపించుకో పద. డాక్టరు పిలుస్తున్నాడు."

నేను మా భాషలోకి మార్చాను. తాత నొప్పికి కళ్ళు మూసుకుని, తెరిచి, ఉన్నచోటే కింద కూర్చున్నాడు.

"నొప్పి ఇక్కడుంది. ఇక్కడికే రమ్మను."

అతని పక్కన డ్రైవరు కూర్చున్నాడు. తర్వాత అందరం. వార్డరు నన్ను చూసి, "వీళ్ళకి నాయకుడెవడు? ఎవరు చెప్తే వింటారు?" అన్నాడు. అదీ మావాళ్ళకి చెప్పాను. డ్రైవరు పగిలిన పెదవితోనే నవ్వాడు. "చచ్చిపోయాడని చెప్పండి మాస్టారూ."

ఖైదీల వరసలోంచి కాలు బాగా వాచిన దొంగ ఒకడు నన్ను అడిగాడు. "ఏంటయ్యా గొడవ? ఎవరు మీరు?"

దాచకుండా చెప్పాను. నేను చేసింది కూడా. వార్డరు కర్ర నా వీపు మీద రెండుసార్లు పడింది, మాట ఆపలేదు. దొంగ చివరిదాకా విన్నాడు. మూల గది వైపు చూశాడు. వరసలో అతనికి ముందు ఇద్దరే ఉన్నారు.

"మమ్మల్నీ ఇలాగే పిలిచి కొట్టడానికి వెనక గదికి తీసుకెళ్తారు. పోయిన నెల ఒకడు రాలేదు" అని వరస వదిలి కుంటుకుంటూ వచ్చాడు. వాచిన కాలు చాపి తాత పక్కన కూలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు. తర్వాత నలుగురు. తర్వాత లెక్కపెట్టడం నావల్ల కాలేదు.

విజిల్ మోగింది. నాలుగు వైపుల నుంచీ బూట్ల చప్పుడు. మూల గది గుమ్మంలో డాక్టరు, లోపలికీ బయటికీ కాకుండా నిలబడి ఉన్నాడు. ఒకరి మోచెయ్యి ఒకరం మెలివేసి పట్టుకున్నాం. మేమిప్పుడు దాదాపు తొంభై మందిమి.