చీటీ మీద మందు

గార్ల దగ్గరి తండాలో బీక్యా నాయక్ మాటంటే మాటే. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా ఠాణా దాకా పోకముందు ఆయన మంచం దగ్గరికే వచ్చేది. పెళ్లిళ్లలో కూడా సారా ముట్టని మనిషి. ఎవడైనా తాగి పంచాయితీకి వస్తే, "తెల్లారినంక తెలివితోటి రాపో" అని వెనక్కి పంపేవాడు. అట్లాంటి మనిషికి కడుపులో క్యాన్సర్ పుట్టింది. కీమో మొదలుపెట్టాక ఒళ్లు సగమైంది. గుక్కెడు జావ తాగినా కక్కేవాడు. పొద్దంతా కళ్లు తెరుచుకుని పైకప్పు రేకుల వంక చూస్తూ పడుకునేవాడు.

చిన్న బిడ్డ సుమన మహబూబాబాద్‌లో బట్టల దుకాణం కొలువు మానేసి తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన వాంతులు ఎత్తిపోసినా, పక్కబట్టలు ఉతికినా ఆమెకు ఏనాడూ రోత పుట్టలేదు. రోత పుట్టించింది మనుషులే.

మొదటివాడు మందుల దుకాణం వాడు. గంజాయి జాతి మొక్కతో చేసే మందులు వాంతులు తగ్గిస్తాయని, నిద్ర పట్టిస్తాయని సుమన ఫోన్లో చదివింది. డాక్టర్ చీటీ ఉంటే మన దగ్గర దొరుకుతాయా అని పోయి అడిగింది. వాడు కౌంటర్ మీద మోచేతులు ఆనించి, పక్కనున్న గిరాకీలకు కూడా వినపడేట్టు అన్నాడు.

"తండోల్లు మీరొచ్చి నన్ను అడుగుడేంది? మీ ఇంటెనుక పెరుగదా ఏంది?"

గిరాకీలు పళ్లికిలించారు. సుమన మెట్లు దిగింది. నోట్లో ఏదో కుళ్లినది పెట్టుకున్నట్టయింది.

రెండోవాడు ఇంటి అల్లుడే. అక్క గోరీ మొగుడు ఉపేందర్ ఈ సంగతి విని కారేసుకుని వచ్చాడు. "గా దుకాణాల్ల ఎందుకడుగుతవ్ సుమనా? భూపాలపల్లిల జీవన్ సార్ ఉన్నడు. క్యాన్సర్‌ను వేర్లతోటి పీకుతడు. నాకు మంచి దోస్తు. మామను పండవెట్టి తీస్కపోదాం పా."

ఆమెకు నమ్మకం కుదరలేదు. కానీ తండ్రి అవస్థ చూడలేక ఒప్పుకుంది.

భూపాలపల్లిలో బండ్ల షోరూం మీద అంతస్తులో జీవన్ గది. మెట్లెక్కలేని బీక్యాను కారులోనే పడుకోబెట్టి ఇద్దరూ పైకి పోయారు. బయట బెంచీల మీద రోగులు ఒకరి మీద ఒకరు ఒరిగి కూచున్నారు. గొంతుకు గుడ్డ కట్టుకున్న ఒక ముసలామె బుగ్గ మీద ఈగలు వాలుతుంటే తోలుకునే శక్తి లేక అట్లాగే ఉంది. లోపల ఏసీ, అగరొత్తుల వాసన. తెల్లకోటు వేసుకున్న జీవన్ రిపోర్టులు విప్పనైనా విప్పలేదు.

"కీమో బంద్ చేయండి. అది విషం. నా నూనె పెట్టండి, నాలుగు వారాల్ల మీ నాయిన నాగలి పడతడు."

"మీరు ఏం డాక్టర్ సార్?" అడిగింది సుమన.

అతను నవ్వి ఉపేందర్ వైపు చూశాడు. "మీ మరదలికి చదువెక్కువైందే?"

ఉపేందర్ కూడా నవ్వాడు. సుమన చేతికి దగ్గుమందు సీసా ఒకటి ఇచ్చారు. పాత లేబుల్ గీకేసిన జిగురు ఇంకా దాని మీద ఉంది. లోపల తారులాంటి నల్లటి నూనె.

మరునాడు ఉపేందర్ తన చేత్తోనే మామకు చెంచాడు తాగించాడు. ఇంత ఎందుకని సుమన అడిగితే, తొందరగా పనిచేస్తదన్నాడు. ఆమె వాంతుల గోళీలు తేవడానికి గార్ల పోయింది. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు.

బీక్యా వాకిట్లో బురదలో కూచుని ఉన్నాడు. ధోవతి సగం ఊడింది. చచ్చిపోయిన ఎద్దు పేరు పెట్టి పిలుస్తూ ఒకసారి ఏడుస్తున్నాడు, ఒకసారి పగలబడి నవ్వుతున్నాడు. లేవబోయి మళ్లీ బోర్లా పడ్డాడు. ఉపేందర్ సాయం పట్టలేదు. ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. "మామా, ఒక పంచాయితీ చెప్పు! తీర్పు చెప్పు మామా!" అని అరుస్తున్నాడు. గోరీ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

సుమన జనాన్ని తోసుకుంటూ పోయి తండ్రికి ధోవతి కట్టింది. లోపలికి లాక్కుపోయి పడుకోబెట్టింది. గుండె గుర్రంలా కొట్టుకుంటున్నదని చెయ్యి పెడితేనే తెలిసింది. 108కు ఫోన్ చేసింది. దవాఖానలో సెలైన్ ఎక్కించి, మత్తు దిగేదాకా అక్కడే ఉంచుకున్నారు.

వాళ్లు ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ వీడియో తండాలో ప్రతి ఫోన్లోనూ ఉంది. పక్కూరి సర్పంచు దాకా పోయింది.

"తీసెయ్ బావా," అంది సుమన.

"జర నవ్వుకున్నరు, గంతే గదా. గిదానికి ఇంత పరేషాన్ ఎందుకు?"

అతని పెదవి మీద పాన్ ఎరుపు, ఆ ఇకిలింపు చూసి ఆమె మొహం తిప్పుకుంది. అతను తినిపోయిన పళ్లెం కడగబుద్ధి కాక తీసుకుపోయి పెంటలో పారేసింది.

బీక్యా ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పంచాయితీకి ఎవరొచ్చినా పలకలేదు.

తరువాతి కీమోకు పోయినప్పుడు దవాఖాన వరండాలో మున్నవర్ బేగం కలిసింది. జనగామలో గాజుల దుకాణం వాళ్లది. భర్త మహమ్మద్‌కు గొంతు క్యాన్సర్. ఆమె, సుమన ప్రతిసారీ ఒకే బెంచీ మీద కూచునేవాళ్లు. సుమన జరిగిందంతా చెప్పుకుని ఏడ్చింది. మున్నవర్ బేగం టిఫిన్ మూత పెట్టేసి కోపంగా అంది.

"దొంగల లెక్క ఎందుకు తిరిగినవ్ బేటా? చీటీ రాయించుకుంటే సీదా దొరుకుతది. మా ఆయనకు నేను గట్లనే తెస్త. జనగామల ఉమ డాక్టరమ్మ అని ఉంది, ఆయుర్వేదం చదివింది. క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండ మాత్రం ఏదీ రాయదు."

"రోగం తగ్గిందా ఖాలా?"

"రోగమెట్ల తగ్గుతది? అన్నం దిగుతున్నది, చాలదా?"

ఆ మాట సుమనకు నచ్చింది. జీవన్ గదిలో ఎవరూ అట్లా మాట్లాడలేదు.

బీక్యా రానన్నాడు. బతిమాలితే జనగామ దాకా వచ్చాడు గానీ, డాక్టరమ్మ గదిలో కూడా తల దించుకునే కూచున్నాడు. ఉమ నడివయసు మనిషి, గొంతు కరుకు. రిపోర్టులన్నీ చదివింది. కీమో ఇచ్చే డాక్టర్‌కు ఫోన్ చేసి మాట్లాడింది. ఆ తర్వాత కుర్చీ సుమన వైపు కాక బీక్యా వైపు జరుపుకుంది.

"నాయక్, మీరు చెప్పండి. అన్నిటికంటే ఎక్కువ ఏది బాధ పెడుతున్నది?"

రోగం వచ్చినప్పటి నుంచి ఎవరూ ఆయన్ని సూటిగా అడగని ప్రశ్న అది. ఆయన తల దించుకునే చెప్పాడు.

"నొప్పి ఉన్నదమ్మా. కానీ మల్ల గట్ల అయితే నేను బతక. పదిమంది ముంగట బట్ట నిలువలేదు నాకు."

ఉమ మొహం గట్టిపడింది. "మీకు తాగించింది మందు కాదు. అందుల ఏముందో అమ్మినోనికి గూడ తెల్వది." అప్పుడు సుమన వైపు తిరిగింది. "విను. గంజాయి, అంటే పూత, మొగ్గ, దాన్ని ముట్టద్దు. దగ్గర ఉంచుకున్నా నేరమే. ఆకుతోటి ఆయుర్వేదంల చేసేది విజయ మందు. రిజిస్టరైన డాక్టర్ చీటీ రాయాలె, లైసెన్సున్న కంపెనీ చేసి ఉండాలె. సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తారీఖు చూసుకో. అవి లేకుంటే పైసా ఇయ్యకు. చీటీ మీద మీ నాయిన పేరు రాస్త. తెచ్చేది నువ్వు కాబట్టి నీ పేరూ రాస్త. తెచ్చేటప్పుడు చీటీ, బిల్లు వెంట ఉంచుకో. రాష్ట్రానికో తీరు రూల్సు ఉంటయి, ఎక్కడ దొరికితే అక్కడ కొనకు, నేను చెప్పిన దగ్గరే తీసుకో. వేరేటోల్లకు సుక్క గూడ పొయ్యకు."

"నొప్పి మొత్తం పోతదా అమ్మా?" అడిగింది సుమన.

"దీనితోటి పోదు. గట్టి నొప్పికి మార్ఫిన్ గోళీలు వేరే ఉన్నయి. క్యాన్సర్ రోగులకు నొప్పి తగ్గించే విభాగం మీ దవాఖానలనే ఉన్నది, అక్కడ రాయించుకోవాలె. గీ మందు నిద్రకు, ఆకలికి జర సాయం, గంతే. కీమో బంద్ చేస్తే మాత్రం నేను చూడ."

బీక్యా తలెత్తాడు. "తలుపేసి, నా బిడ్డ ఒక్కతే ఇయ్యాలె," అన్నాడు. ఉమ సరేనంది.

చుక్కలతో మొదలైంది. మొదటి రోజుల్లో ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సుమన జొన్న జావ చల్లార్చి తెచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరిచి, పసిపిల్లవాడిలా. ఆమె గిన్నె కింద పెట్టి, శబ్దం కాకుండా తలుపు మూసి, బయట అరుగు మీద కూచుంది. లేచాక ఆయన జావంతా తాగాడు. కక్కలేదు. మార్ఫిన్ గోళీలు కూడా మొదలయ్యాక గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఈ సంగతి ఉపేందర్‌కు తెలిసింది. మామను చూడ్డానికని పండ్లు తెచ్చాడు. పండ్లు గూట్లో పెట్టి, సుమనను పొయ్యి దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"చీటీ నీ పేరు మీదనే ఉందట గదా. రెండు సీసాలు ఎక్కువ తీస్కరా. జీవన్ సార్‌కు గా సీసాలు, గా లేబుల్ కావాలె. ఆయన నూనె గండ్ల పోసి అమ్ముతడు. మామ ఎట్లనో పోయేటోడే, నీకు గూడ ఇంత మిగులుతది."

సుమన అతని మొహం వంక చూసింది. ఈగలు వాలిన ఆ ముసలామె బుగ్గ కళ్ల ముందు మెదిలింది. పొయ్యి బూడిదలో తుపుక్కున ఉమ్మేసింది.

"లెవ్," అంది. "గీ ఇంట్ల నిలబడకు."

"ఏయ్, మర్యాద!"

లోపలి నుంచి మంచం కిర్రుమంది. బీక్యా గుంజ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మాట మాత్రం వణకలేదు.

"ఉపేందర్. నన్ను నవ్వులపాలు చేసినవ్, ముసలోన్ని, పోనీ అనుకున్న. సచ్చేటోల్లకు గూడ మోసం మందు పోస్తనంటున్నవ్. నువ్వు గీ తండాకు అల్లునివి కావు. గోరీ వస్తది, నా బిడ్డ. నువ్వు రావద్దు."

పక్కిళ్ల వాళ్లు విన్నారు. ఒకప్పుడు ఫోన్లు చూసుకుని నవ్వినవాళ్లే ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సుమనకు వాళ్లను చూసినా చీదరే అయింది. ఉపేందర్ పండ్ల సంచి తీసుకుని మరీ పోయాడు.

నల్ల నూనె సీసాను సుమన ఉమ సలహా మీద భూపాలపల్లి ఠాణాలో అప్పజెప్పి, జరిగింది చెప్పింది. వాళ్లు రాసుకుని అప్పుడే షోరూం మీదికి మనుషులను పంపారు. గది తాళం వేసి ఉంది. జీవన్ బోర్డు కూడా పీకేసుకుపోయాడు. ఉపేందరే ఉప్పందించాడని గోరీ తర్వాత ఏడుస్తూ ఒప్పుకుంది. బెంచీల మీది రోగులు ఏమయ్యారో ఎవరూ చెప్పలేకపోయారు.

వానలు తగ్గుముఖం పట్టాక బీక్యా పోయాడు. పోయే ముందు రోజు కూడా ఇద్దరు అన్నదమ్ముల తగాదా విని, చిన్నవాడిది తప్పని చెప్పాడు. మిగిలిన మార్ఫిన్ గోళీలు సుమన దవాఖానలో తిరిగి ఇచ్చేసింది.

ఇప్పుడామె మళ్లీ బట్టల దుకాణానికి పోతోంది. మున్నవర్ బేగం ఆమె నంబరు ఇచ్చిందేమో, గిరాకీ లేనప్పుడు ఎవరెవరో ఫోన్ చేస్తారు. మొన్న పెద్దవంగర నుంచి ఒకాయన తల్లి కోసం అడిగాడు. సుమన డాక్టరమ్మ పేరు చెప్పింది, సీసా మీద ఏమేం చూసుకోవాలో చెప్పింది, కీమో మానవద్దని చెప్పింది.

"మా అవ్వకు పూర్తిగ మానుతదా అక్కా?"

"మానదు అన్నా. జర నిద్ర పడుతది."

ఆయన, "భూపాలపల్లి సార్ ఇప్పుడు వేరే ఊర్ల ఉన్నడట, ఆయన మానుతదన్నడు," అన్నాడు.

సుమన కుర్చీలోంచి లేచి, చీరల మడతల మధ్య నుంచి బయటికి నడిచి, ఆ ఊరి పేరేందో జర చెప్పమని అడిగింది.